పప్పుగుత్తి టాకీస్

పోయిన కార్తీకం దాకా మా ముందుగదిలో, ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య, ఒక సినిమా హాలు ఉండేది. ఎత్తు నాలుగున్నర అడుగులు, వెడల్పు రెండడుగుల మూడంగుళాలు. ఈ కొలతలు నావి కావు. పురపాలక సంఘం వారు టేపు పెట్టి కొలిచి రిజిస్టరులో ఎక్కించినవి. నేను కొలిస్తే వెడల్పు రెండడుగుల రెండున్నర అంగుళాలే వచ్చింది. అరంగుళం కోసం ప్రభుత్వంతో తగువెందుకని ఊరుకున్నాను.

జరిగింది జరిగిన వరసలో చెప్పాలి. వరస తప్పితే మా మావగారికి నచ్చదు.

మావగారు యర్రంశెట్టి సత్యలింగం గారు నలభై ఏళ్ళు మా ఊరి రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాశారు. కాలవకి ఈవల ఉన్న పొలాల్లో సగానికి హద్దులు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. ఆ చేతిరాత చూసే ఆయనకి పిల్లనిచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. సంతకం మరీ ప్రత్యేకం. పేరు చివరి సున్నా దగ్గర్నుంచి ఒక గీత బయల్దేరి, కిందికి దిగి, పేరంతటినీ వీపు మీద మోసుకుంటూ వెనక్కి నడిచి, మొదటి అక్షరం కింద చిన్న కొక్కెం వేసుకుని ఆగుతుంది.

వైశాఖంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మాటా నడకా నెల తిరిగేసరికి వచ్చేశాయి. కుడిచెయ్యి రాలేదు. జ్యేష్ఠంలో బ్యాంకులో ఏదో కాగితం మీద సంతకం కావలసి వచ్చింది. ఆయన కలం పట్టుకోబోతే అది జారి బల్ల కిందికి పోయింది. అక్కడి అటెండరు సిరా డబ్బా ముందుకి తోసి, "ఎందుకు బాబాయ్ అవస్థ, వేలిటియ్యి" అని, ఆయన ఎడమ బొటనవేలు పట్టుకుని అద్ది, కాగితం మీద నొక్కి, తుడుచుకోమని చిత్తుకాగితం ముక్క ఇచ్చాడు. అతను మర్యాదగానే చేశాడు. కానీ నలభై ఏళ్ళు ఊరివాళ్ళ వేళ్ళు పట్టుకుని ముద్రలు వేయించిన మనిషి, దారి పొడుగునా తన వేలు చూసుకుంటూ ఇంటికి వచ్చారు. ఆ తర్వాత గుమ్మం దాటలేదు.

ఆయన వీలునామా రాసి ఆరేళ్ళయింది. ప్రతి ఉగాదికీ అందులో ఒక మాట మారుస్తారు కనక సంతకం పెట్టడం మిగిలిపోయింది. ఇప్పుడు దాన్ని పెట్టె అడుగునుంచి తీసి నాకిచ్చారు.

"దాచమ్మా హైమా. చెయ్యొస్తే సంతకం పెడతాను. రాకపోతే చింపెయ్. దస్తావేజుల సత్యలింగం వేలిముద్ర వేసి పోయాడని అనిపించుకోను."

"వస్తుంది మావయ్యగారూ" అన్నాను. ఎలా వస్తుందో నాకు తెలియదు.

వారానికి మూడుసార్లు ఎస్తేరు అనే అమ్మాయి వచ్చి ఆయన చేతికి ఫిజియోథెరపీ చేసేది. పిసుకుతూ ఉండమని మెత్తటి పసుపు బంతి ఇచ్చింది.

"అంకుల్, బంతి నొక్కుతున్నారా?"

"ఆయ్, పొద్దస్తమానం అదే పనమ్మా."

నేను బంతి మీద వేలితో గీసి చూపించాను. వారం దుమ్ము.

"ఈ వయసులో నాకు బంతాటేంటమ్మా? ఎవరన్నా చూస్తే!" అన్నారు ఆయన, గోడవైపు తిరిగి.

ఎస్తేరు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. "ఆంటీ, ఆరు నెలల్లో ఎంత వస్తే అంతే. బంతే అవ్వక్కర్లేదు. కర్రలాంటిది పట్టుకోవాలి, అటూ ఇటూ తొయ్యాలి, వేళ్ళతో నొక్కాలి. రోజుకి నాలుగుసార్లు, మధ్యమధ్య రెస్టిచ్చి. ఆయనకి ఇష్టమైన పని ఏదన్నా ఉంటే చూడండి."

ఆయనకి ఇష్టమైన పని ఒక్కటే, హద్దులు కాపాడటం.

మా చిన్నప్పుడు బస్టాండు పక్కన వీడియో గేముల కొట్టు ఉండేది. బీరువాలంత పెట్టెలు, వాటి ముందు నిలబడి కర్ర తిప్పుతూ, బొత్తాలు నొక్కుతూ మగపిల్లలు. ఆడపిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కారు. గుమ్మంలోంచి చూసిందే. పైనుంచి పురుగులు వరసలు కట్టి దిగుతుంటే, కిందనున్న చిన్న ఓడ అటూ ఇటూ జరుగుతూ వాటిని కాలుస్తుంది. ఒక్క పురుగు అడుగు గీత దాటిందా, ఆట అయిపోయినట్టే. ఆ ఆట ఇప్పుడు గుర్తొచ్చింది.

నేను విమెన్స్ కాలేజీలో ఫిజిక్సు చదివాను. ఆ చదువు ఇరవై ఏళ్ళుగా ఫ్యూజు వైరు దగ్గరే ఆగిపోయి ఉంది. ఆషాఢంలో దాన్ని బయటికి తీశాను. అద్దం పగిలిన నా పెళ్ళినాటి డ్రెస్సింగ్ టేబుల్ ఉంది. అద్దం ఉండే చోట సెకండ్‌హ్యాండు కొట్లో దొరికిన పాత కంప్యూటరు తెర బిగించాను. వెనకాల, ఆ పురుగుల ఆట ఎక్కించిన, చీట్లపేక పెట్టెంత చిన్న కంప్యూటరు బోర్డు. బొత్తాలు కాలింగ్ బెల్ స్విచ్చులు, ఒక్కోదాని మీద చిన్న గంట బొమ్మతో సహా. అసలైన ఆటకర్రలు మా ఊళ్ళో దొరకలేదు. వంటింట్లో పప్పుగుత్తి ఉంది. పిడి పైకి, గుత్తి తల కిందికి వచ్చేలా పలకలో కన్నం చేసి దింపి, ఎటు తోసినా నిటారుగా వచ్చేలా పాత సైకిలు ట్యూబు ముక్కలతో కట్టాను. తల చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు బెల్ స్విచ్చులు. మొదటిరోజు అన్నీ తిరగబడ్డాయి. పిడి కుడికి తోస్తే కింద తల ఎడమకి పోతుందని ఫిజిక్సు చదివిన మనిషికి ముందే తట్టి ఉండవలసింది. వైర్లు మార్చాను. కింద తడిగుడ్డ పెట్టుకోవడానికి వీలుగా నాలుగు చక్రాలు వేశాను. మొత్తం కలిపి మంచి మిక్సీ ధర కూడా కాలేదు.

"ఏంటే ఇది?" అన్నారు మావారు భానోజీ, ఎరువుల కొట్టునుంచి భోజనానికి వచ్చి. "పప్పులోకి గుత్తేదీ?"

"ఇవాళ చారు" అన్నాను.

మావగారు దూరంగా కుర్చీలో కూర్చుని అరగంట చూశారు. తర్వాత అడిగారు. "ఆ పురుగులు ఎందాకా వస్తాయి?"

"ఆ అడుగు గీత దాకా మావయ్యగారూ. అది దాటితే మన చోటు పోయినట్టే."

"దక్షిణపు హద్దన్నమాట. ఆక్రమణదారులు!" అని లేచి వచ్చారు. కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి పప్పుగుత్తి మీద పెట్టుకున్నారు. మొదటి రోజు ఆక్రమణదారులు ఇరవై సెకన్లలో భూమి స్వాధీనం చేసుకున్నారు. ఆయన కుర్చీలోకి వెళ్ళలేదు. "మళ్ళీ పెట్టమ్మా" అన్నారు. నెల తిరిగేసరికి కుడిచేతిని ఎత్తడానికి ఎడమచేతి సాయం అక్కర్లేకపోయింది. పసుపు బంతిని తెర ఊగకుండా కింద ఒత్తుగా వాడుకున్నాం.

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఈ కథ రాయవలసిన పని లేదు. శ్రావణంలో పురపాలక సంఘం వారు 'ఇంటికో ఆవిష్కరణ' మాసోత్సవం ప్రకటించారు. ప్రజల్లో నిద్రాణమై ఉన్న శాస్త్రీయ ప్రతిభను మేల్కొలపడానికి వార్డుకి వంద ఆవిష్కరణలు లక్ష్యంగా పెట్టారు. మా వార్డులో పదకొండే మేలుకున్నాయి. వాటిలో ఒకటి కన్నాలు పెట్టిన బకెట్టు. పన్నెండోదిగా మా పెట్టెను నమోదు చేస్తానని భానోజీ ఫోను తీసుకుని కూర్చున్నారు.

కొత్త ఫారం తయారుచేయడానికి వ్యవధి లేక, పురపాలక సంఘం వారు వ్యాపార లైసెన్సుల ఫారానికే పైన వెలుగుతున్న బల్బు బొమ్మ అతికించారు. 'ఆవిష్కరణ రకము' అన్న చోట నొక్కితే వరసగా వచ్చాయి: రైసు మిల్లు, ఐసు ఫ్యాక్టరీ, కల్యాణ మండపం, చేపల చెరువు, సినిమా హాలు, ఇతరములు. 'ఇతరములు' నొక్కితే నోటరీ అఫిడవిట్టు అడిగింది.

"ఉన్నవాట్లో దగ్గరిదేదో పెట్టేద్దాం" అన్నారు భానోజీ.

"ఏది దగ్గరండీ?"

"తెరుంది కదే! చేపల చెరువైతే కాదుగా."

ఇంటి యజమాని పేరనే పెట్టాలి కనక దరఖాస్తుదారు సత్యలింగం గారయ్యారు. సంతకం బదులు ఎడమ బొటనవేలి ముద్ర ఫొటో తీసి ఎక్కించారు. అప్పటికింకా చెయ్యి కలం పట్టే దాకా రాలేదు. ముద్ర వేస్తున్నంతసేపూ ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

పదిహేను రోజులకి లేఖ వచ్చింది. 'మీ సినిమా హాలు ప్రారంభోత్సవమునకు పురపాలక సంఘము హర్షము వెలిబుచ్చుచున్నది. లైసెన్సు లేకయే ప్రదర్శనలు జరుపుచున్నందులకు ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను.' హర్షమూ చర్యా ఒకే పేరాలో ఉన్నాయి.

లేఖ వెనకాలే వినోద విభాగం పర్యవేక్షకులు త్రిమూర్తులు గారు వచ్చారు. చెప్పులు బయట విడిచి, చంకలో నిబంధనల పుస్తకం, చేతిలో టేపు. పుస్తకానికి స్కూలు పిల్లల పుస్తకానికి లాగా అట్ట వేసి ఉంది. ఆయన పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఇది సినిమా హాలు కాదమ్మా."

"కాదండి."

"నాకు తెలుస్తోంది, మీకు తెలుస్తోంది. ఆన్‌లైన్‌కి తెలవదు కదా!"

"అయితే తీసేయించండి."

"హాలు తీసెయ్యాలంటే మూసివేత ఉత్తర్వు ఉండాలండి. మూసెయ్యాలంటే ముందు తెరిచుండాలి. తెరవాలంటే లైసెన్సుండాలి. మీరు లైసెన్సు తెచ్చుకోండి. తెల్లారే మూసేద్దాం."

"తెచ్చుకోకపోతే?"

"లైసెన్సు లేని హాలు కింద తొంభై రోజులు చూసి స్వాధీనపరచుకుంటామండి."

మావగారి చెయ్యి పప్పుగుత్తి మీద బిగుసుకుంది. తొంభై రోజులంటే కార్తీకం మధ్యకి. ఎస్తేరు చెప్పిన ఆరు నెలలూ పూర్తయ్యేదీ అప్పుడే.

త్రిమూర్తులు గారు కిందికి వంగి చూసి, "చక్రాలేంటమ్మా?" అన్నారు.

"తడిగుడ్డ పెట్టుకోవడానికండి."

ఆయన మొహం వికసించింది. "అయితే టూరింగ్ టాకీసు కిందకొస్తది! శాశ్వత హాలుకి నూటపన్నెండు నిబంధనలు. టూరింగుకి నలభై ఒకటే. మీ మంచికే చెప్తున్నా."

"టూరింగే రాయండి."

"అయితే మకాం మార్చే ముందల్లా వారం రోజుల నోటీసివ్వాలి మరి. ప్రస్తుతానికి ప్రవేశద్వారానికి సీలెయ్యాలి. ద్వారమేదీ?"

మేమిద్దరం వెతికాం. పెట్టెకి తెరుచుకునేది ఒక్క సొరుగే. ఆయన దాన్ని బయటికి లాగి, లోపలున్న నా జడపిన్నులు, పిన్నీసులు, మిక్సీ గ్యారంటీ కార్డుతో సహా తెల్లగుడ్డలో చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, ముద్ర వేసి, మళ్ళీ యథాస్థానంలో తోశారు. గుడ్డ మందానికి అది బిగుసుకుంటే ఇద్దరం కలిసి నెట్టాం.

"ఇకమీదట ఈ ద్వారం గుండా ఎవర్నీ లోపలికి పంపకూడదండి" అన్నారు.

"పంపమండి" అన్నాను.

ఆయన వెళ్ళిన వెంటనే మావగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "తెల్ల కాగితం తే అమ్మా. నే చెప్తాను, నువ్వు రాయి. సంజాయిషీకి సంజాయిషీయే ఇవ్వాలి." ఆరోజు ఆయన గొంతు అరుగు మీద కూర్చున్నప్పటి గొంతులా ఉంది. హద్దులు చెప్పకుండా ఆయన ఏ ఆస్తి గురించీ మాట్లాడరు. తూర్పు ఫ్రిజ్, పడమర కిటికీ, ఉత్తరం గోడ, దక్షిణం ఆటగాడు నిలబడే చోటు. ఈ నాలుగింటి మధ్య గల టాకీసు అని ప్రతి ఉత్తరంలోనూ ఉండాల్సిందే.

త్రిమూర్తులు గారి పుస్తకం నేను జిరాక్సు తీయించి, పప్పు ఉడికే లోపల రోజుకి రెండు నిబంధనల చొప్పున చదివాను. ఒక్కొక్కటే అమలు చేశాం. తెరకి అటూ ఇటూ ఇసక బకెట్లు పెట్టాం. ఎదురెదురుగా రెండు బయటిదారులుండాలన్నారు. వీధి గుమ్మం మీదా వంటింటి గుమ్మం మీదా ఎర్ర అక్షరాలతో 'బయటికి దారి' అని రాసి అతికించాను. పోపు వేస్తున్నప్పుడల్లా నేను అత్యవసర ద్వారంలో నిలబడి ఉన్నట్టు లెక్క. ఆడవాళ్ళకి ప్రత్యేక స్థలం ఉండాలంటే, ఒక స్టూలు వేసి నేనే కూర్చున్నాను. చిన్నప్పుడు గుమ్మం బయట నిలబెట్టినందుకు ఇన్నాళ్ళకి ప్రభుత్వం నాకు రిజర్వుడు సీటు ఇచ్చింది. ప్రతి ఆటకి ముందు 'పొగ త్రాగరాదు' అన్న అట్టముక్క తెర ముందు పది సెకన్లు పట్టుకోవడం భానోజీ వంతు. వారానికోసారి గది తుడిచేందుకు మావగారు చెప్పగా నేను నోటీసు రాసేదాన్ని: 'రాబోవు శుక్రవారము ఉదయము ఎనిమిది గంటలకు పై టాకీసు పడమరగా రెండడుగులు జరిగి, నేల ఆరిన పిమ్మట యథాస్థానమునకు వచ్చును.' దానికి ప్రతిసారీ 'అభ్యంతరము లేదు' అని జవాబు వచ్చేది, సరిగ్గా నేల ఆరిన మూడు రోజులకి.

నిబంధనల ప్రకారం రోజుకి నాలుగే ఆటలు. పదిహేను నిమిషాలకోసారి విశ్రాంతి తప్పనిసరి. ఎస్తేరు పుస్తకంలో ఆ పేజీ చదివి, "ఆంటీ, ఇది రాసినాయన ఫిజియో చదివాడా?" అంది. ఉదయం ఆట కుడిచేత్తో గుత్తి, మ్యాట్నీ కుడిచేత్తో బొత్తాలు, మొదటి ఆట మళ్ళీ గుత్తి, రెండో ఆట ఆయన ఇష్టం. భాద్రపదం చివరికి చెంచా పట్టారు. ఆశ్వయుజంలో చొక్కా గుండీలు పెట్టుకున్నారు. ఆరోజు గుండీలు ఒకటి ఎగుడు, ఒకటి దిగుడు అయ్యాయి. నేను సరిచెయ్యలేదు.

చివరి నిబంధన ప్రకారం పర్యవేక్షకులు ఒక ప్రదర్శనను మొదటినుంచి ముగింపు దాకా స్వయంగా వీక్షించి నివేదిక ఇవ్వాలి. త్రిమూర్తులు గారు పదిన్నర ఆటకి వచ్చి, కుర్చీలో కూర్చుని, కాగితం మీద 'ప్రదర్శన ప్రారంభము' అని రాసుకున్నారు. మావగారు గుత్తి పట్టుకున్నారు. పురుగులు దిగడం మొదలైంది.

పదకొండయింది. పదకొండున్నర అయింది.

"ఎప్పుడవుతుందమ్మా ఇది?"

"మావయ్యగారు ఓడిపోతే అవుతుందండి."

"ఎప్పుడు ఓడిపోతారు?"

"ఆశ్వయుజంలో ఇంతవరకూ ఓడిపోలేదండి."

పదిహేను నిమిషాలకోసారి నేను విశ్రాంతి బొత్తం నొక్కి మజ్జిగ ఇచ్చాను. డ్యూటీలో భోజనం చేయకూడదట, ఇంటర్వెల్లో చేయవచ్చట. అలా నాలుగు విడతల్లో పులిహోర, ఒక విడతలో పెరుగన్నం తిన్నారు. పన్నెండున్నరకి ఆయన కుర్చీ జరుపుకుని మావగారి పక్కకి వచ్చారు.

"పెద్దాయనా, ఒక్కసారి ఓడిపోకూడదూ? రిపోర్టు రాసుకుంటాను."

"ఆక్రమణదారులకి దారొదలమంటారేంటండీ, గవర్నమెంటు ఉద్యోగస్తులై ఉండి?" అన్నారు మావగారు, తెరమీంచి చూపు తిప్పకుండా. "అదుగో, ఈశాన్యం మూల చూడండి. ముగ్గురు."

"ఏదీ, ఎక్కడా?" అని త్రిమూర్తులు గారు లేచి నిలబడ్డారు. తర్వాత గంటసేపు ఇద్దరూ కలిసి ఈశాన్యం కాచారు.

ఒకటీ నలభైకి కరెంటు పోయింది.

"హమ్మయ్య" అని త్రిమూర్తులు గారు కాగితం తీసి, కలం ఎత్తి, దించేశారు. "ఇది ముగింపు కింద రాదు కదండీ. ప్రదర్శనకి అంతరాయం కిందకొస్తది. మళ్ళీ మొదటినుంచి చూడాలి." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు జిరాక్సు తీసి చూపించాను. "నలభై ఒకటో నిబంధన చూడండి. ప్రదర్శనను గానీ, అందలి ఒక రీలును గానీ అని ఉంది. ఒక వరస పురుగులు అయిపోతే ఒక రీలేగా. పదీ ముప్ఫయి మూడుకే అయిపోయింది."

ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నారు. "ఈ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదమ్మా?"

"మీరడగలేదు కదండీ."

మూడు గంటలపాటు ఆ చెయ్యి కర్ర మీదినుంచి జారలేదు. అది నాకు తెలియాలి కదా!

కార్తీకంలో లైసెన్సు సిద్ధమైందని కబురొచ్చింది. దరఖాస్తుదారు స్వయంగా వచ్చి పుచ్చుకోవాలి. జ్యేష్ఠం తర్వాత మావగారు మొదటిసారి గుమ్మం దాటారు. ఇస్త్రీ పంచె, జేబులో పాత సిరా కలం. ముగ్గురం ఆటోలో వెళ్ళాం.

త్రిమూర్తులు గారు మమ్మల్ని చూసి ఆప్యాయంగా లేచి, రిజిస్టరు తెరిచి, సిరా డబ్బా ముందుకి జరిపారు. "వేలిటివ్వండి పెద్దాయనా."

"అక్కర్లేదు" అన్నారు మావగారు. కలం మూత ఎడమచేత్తో తీశారు. కుడిచేత్తో రాశారు. యర్రంశెట్టి రాయడానికే ఒక నిమిషం పట్టింది. సత్యలింగంలో 'త్య' దగ్గర కాసేపు ఆగి ఊపిరి పీల్చుకున్నారు. సున్నా చుట్టారు. సున్నాలోంచి గీత బయల్దేరింది. కిందికి దిగి, వెనక్కి నడిచి, కొక్కెం వేసుకుని ఆగింది. భానోజీ గోడకున్న క్యాలెండరు కేసి తిరిగి దాన్ని చాలా శ్రద్ధగా చదివారు.

త్రిమూర్తులు గారు రిజిస్టరు పక్కన దరఖాస్తు పెట్టి చూశారు. ఆయన మొహం మెల్లగా వాడిపోయింది.

"ఇది కుదరదండి."

"ఏం?"

"దరఖాస్తు మీద వేలిముద్రుంది. ఇక్కడ సంతకం ఉంది. దరఖాస్తు పెట్టినాయన వేరు, ఈ సంతకం పెట్టినాయన వేరు అవుతారు."

"ఇద్దరూ నేనేనయ్యా."

"మీరే అని ఎవరంటారండీ?"

"నేనంటున్నాను."

"అదే, వేలిముద్ర వేసి అనండి."

భానోజీ క్యాలెండరు వదిలి వచ్చారు. "నాన్నా, ఒక్క ముద్ర. పెట్టె మిగులుతుంది. వచ్చిన చెయ్యి నిలవాలంటే ఇంకో నెలన్నా ఆడాలంది కదా ఎస్తేరు."

మావగారు నా కేసి చూశారు. ఆ పెట్టె నేను చేసింది. అందులో ప్రతి వైరూ నేను ఎక్కణ్నుంచి ఎక్కడికి లాగానో నాకు తెలుసు. ఏ చేతి కోసం చేశానో ఆ చెయ్యి ఎదురుగా బల్ల మీద, కలం పట్టుకుని ఉంది.

"మీ ఇష్టం మావయ్యగారూ" అన్నాను. "గుత్తి మళ్ళీ కొనుక్కోవచ్చు."

ఆయన కలం మూత పెట్టలేదు. సిరా డబ్బాని ఎడమచేత్తో త్రిమూర్తులు గారి వైపు తోసేశారు. "వెయ్యను."

"అయితే తిరస్కరణ ఉత్తర్వు ఇవ్వాల్సొస్తదండి" అన్నారు త్రిమూర్తులు గారు బాధగా. "ముట్టినట్టు మూడు ప్రతుల మీద..."

"వేలిముద్రా?"

"తిరస్కరణకైతే సంతకం చాలండి."

మావగారు మూడు ప్రతుల మీదా సంతకం చేశారు. నాలుగోది లేదా అని అడిగారు.

సోమవారం నాడు త్రిమూర్తులు గారు రిక్షా బండి వేయించుకుని స్వాధీనానికి వచ్చారు. మావగారు ఉదయం ఆటలో ఉన్నారు. ఆట ఆపలేదు. త్రిమూర్తులు గారు ఉత్తర్వు తీసి పైకి చదివారు: "లైసెన్సు పొందజాలని పై టాకీసునకు సంబంధించి, సీలు వేయబడిన భాగమును సీలు చెదరకుండ స్వాధీనపరచుకొనవలెను." చదవడం అయ్యాక తెరను చూశారు. గుత్తి మీదున్న చేతిని చూశారు. ఉత్తర్వు మళ్ళీ ఒకసారి, ఈసారి తనలో తాను చదువుకున్నారు.

"అమ్మా, సీలు వేసింది దేనికి?"

"సొరుక్కండి."

"ఆర్డరులో ఎంతుంటే అంతేనమ్మా. ఎక్కువ పట్టుకెళ్ళే అధికారం నాకు లేదు."

ఇద్దరం కలిసి సొరుగు లాగాం. తెల్లగుడ్డ, లక్కముద్ర చెక్కుచెదరలేదు. పంచనామా రాయాలి. ఆయన కాగితం తీసేసరికి మావగారు విశ్రాంతి బొత్తం నొక్కి వచ్చి, "ఇటివ్వండి, నే రాస్తాను" అన్నారు. గంటంబావు పట్టింది. రెండు పేజీలు. హద్దులతో సహా. చివర 'దస్తూరి: యర్రంశెట్టి సత్యలింగం' అని రాసి సంతకం చేశారు. త్రిమూర్తులు గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మా తాత పొలం కాగితాలు కూడా ఇదే రాతండి" అన్నారు. ఆ సంగతి అప్పుడే తెలుసుకున్న మనిషిలా లేరు.

అలా నా జడపిన్నులతో సహా మా సినిమా హాలు రిక్షా ఎక్కి పురపాలక సంఘం గోదాములోకి వెళ్ళిపోయింది. రిజిస్టరులో ఇప్పుడు అది అక్కడే ఉంది. మా ఇంట్లో ఉన్నది ఏమిటో ఏ రిజిస్టరులోనూ లేదు.

ఆ సాయంత్రం మావగారు వీలునామా తెమ్మన్నారు. ఉగాది కాకపోయినా ఈ ఏడు ఒక మాట చేర్చారు. నాకు చదివి వినిపించారు. "మా కోడలు హైమవతి స్వహస్తములతో చేసిన పెట్టె ఒకటి ఆమెకే చెందవలెను. అద్దము లేదు, సొరుగు లేదు. తూర్పు ఫ్రిజ్, పడమర కిటికీ, ఉత్తరము గోడ, దక్షిణము ఈ వీలునామా వ్రాసినవాడు నిలబడు చోటు."

"శుక్రవారాలు రెండడుగులు జరుపుతాను కదా మావయ్యగారూ. హద్దులు మారిపోవూ?" అన్నాను.

"కింద చూడమ్మా. 'నేల ఆరిన పిమ్మట యథాస్థానమునకు వచ్చును' అని రాశాను."

తర్వాత సంతకం పెట్టారు. గీత పేరంతటినీ వీపున మోసుకుంటూ వెనక్కి నడిచింది. చివర కొక్కెం మాత్రం పూర్వం ఉండే చోటుకంటే అరంగుళం కిందికి వచ్చింది.

అరంగుళం గురించి నేనేమీ అనలేదు.